టీచరమ్మ ఉంగరం, అల్లుడి వ్యాసం

'విద్యా మనోవిజ్ఞానం' అనే త్రైమాసిక పత్రిక నంద్యాల నుంచి ఏడాదికి రెండుసార్లు వచ్చేది. మూడు నెలలకోసారి రావలసింది ఇట్లా ఎందుకు వస్తోందని అడిగినవాళ్ళు లేరు. అడగాలంటే ముందు చందా కట్టి ఉండాలి. ఆలస్యానికి కారణం మాత్రం దాన్ని అచ్చువేసే మహానందయ్య ప్రెస్సులో అందరికీ తెలుసు. ముహూర్తాలు. పెండ్లిపత్రికల మధ్య సందు దొరికినప్పుడే మనోవిజ్ఞానం బయటపడేది. అట్టకు కూడా ఆ పెండ్లిపత్రికల్లో మిగిలిన కాగితమే వాడేవాడు గనుక, పిల్లల మతిమరుపు ఒకసారి పసుపు రంగులోనూ, పరీక్షల భయం ఇంకోసారి గులాబీ రంగులోనూ, మూలన వెండి పూలతో వెలువడేవి.

సంపాదకుడు సుబ్బరాయుడు ట్రైనింగు కాలేజీలో ప్రిన్సిపాలుగా రిటైరైనవాడు. విదేశీ పత్రికలు చదివి ఒక నియమం పట్టుకొచ్చాడు. ఏ వ్యాసం వచ్చినా ఆ విషయం తెలిసిన ఒకరికి పంపి అభిప్రాయం అడగాలి. రాసిందెవరో వాళ్ళకు తెలియకూడదు. అందుకని రచయిత పేరు మీద పెండ్లిపత్రిక ముక్క ఒకటి మైదాపిండి జిగురుతో అంటించి పంపేవాడు. దాన్ని వెలుతురుకు పట్టి చూస్తే పేరు కనపడుతుందని అందరికీ తెలుసు. పట్టి చూడకూడదని కూడా అందరికీ తెలుసు.

విషయం తెలిసినవాళ్ళలో ముఖ్యుడు సంజీవయ్య. అదే కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవాడు. ఆయన భార్య సలోమి బి.ఏ. పాసైంది. ఆ పట్టా ట్రంకుపెట్టెలో ఉండేది, ట్రంకుపెట్టె మంచం కింద ఉండేది, మంచం మీద సగం మేర సంజీవయ్య పుస్తకాలుండేవి. ఆయన చేతిరాత చూసి మహానందయ్య దగ్గర అక్షరాలు పేర్చే మనిషి ఒకసారి పని మానేస్తానన్నాడు. అప్పటినుంచి ఆయన రాసిన ప్రతిదాన్నీ సలోమి శుభ్రంగా తిరగరాసేది. రాస్తూ అక్కడక్కడ ఒక వాక్యాన్ని బాగుచేసేది. ఆ వాక్యాలను తర్వాత అచ్చులో చూసుకొని సంజీవయ్య, తను ఇంత బాగా రాశానా అని సంతోషపడేవాడు. ఆ సంతోషం చెడగొట్టడం ఆమెకు ఇష్టం లేదు.

డెబ్బై ఎనిమిది మొదట్లో వచ్చిన పసుపు అట్ట సంచికలో సంజీవయ్య వ్యాసం పడింది. గ్రామీణ బాలల శ్రవణ స్మృతి మీద ఆళ్ళగడ్డ పాఠశాలలో చేసిన అధ్యయనం. పిల్లలకు కొన్ని అంకెలు వినిపించి తిరిగి చెప్పమంటే చాలామంది ఒక్కటీ చెప్పలేకపోయారనీ, వీరి గ్రహణశక్తి మందంగా ఉన్నదనీ దాని సారాంశం. ఆ మాట తిరగరాసేటప్పుడు సలోమి కలం ఒకసారి ఆగింది. ఆ బడి ఆమె చదువుకున్న బడి. ఆ తరగతి ఆమె తల్లి జయమ్మ టీచరుది. కానీ కింద పట్టిక ఉంది. పట్టికతో వాదించడం ఎట్లాగో అప్పటికి ఆమెకు తెలియదు.

జయమ్మకు సంచికలు ఒక కట్ట పంపారు. ఆమె వాటిని పాస్టరయ్యగారికీ, పోస్టుమాస్టరుకూ, బడిని నడిపే కరస్పాండెంటు జాన్ గారికీ స్వయంగా ఇచ్చివచ్చింది. అల్లుడి పేరు, ఊరి పేరు ఒకే పేజీలో ఉన్నాయి. అంతకుమించి చదవడానికి ఏముంటుందనుకుంది. జాన్ గారు మాత్రం చదివారు. ఊళ్ళో ఆ వ్యాసాన్ని చివరిదాకా చదివింది ఆయన ఒక్కరే.

మార్చిలో ఒక మధ్యాహ్నం జయమ్మ ఆళ్ళగడ్డ బస్సు దిగి నంద్యాలలో కూతురింటికి వచ్చింది. చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడింది.

"ఏం రాసినాడు మే నీ మొగుడు?"

"ఊరంతా పంచింది నువ్వే గదమ్మా."

"పంచినా. చూస్తే పెండ్లిపత్రిక మాదిరి ఉండాది. పంచకుండా ఏం జేస్తా?"

సలోమి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. జయమ్మ తాగి, గోడకు ఆనుకొని కూర్చుంది.

"జాన్ సారు పిలిపిచ్చినాడు. మీ పిల్లోళ్ళు మొద్దులని మీ అల్లుడే అచ్చేసినాడు టీచరమ్మా, జూన్ నుంచి వాళ్ళను వరండాలో వేరేగా కూచోపెడదాం, వాళ్ళకు కొత్త పుస్తకాలు దండగ, పలకలు చాలు అంటాండాడు. లింగమ్మ కూతురు లూదియా ఉండాది గదా. సండేస్కూల్లో బంగారు వాక్యాలన్నీ ఒక్క గుక్కలో అప్పజెప్తాది. అది గూడా మొద్దేనంట."

"లింగమ్మ ఏమంటాది?"

"ఏమంటాది. మొద్దుదానికి బడెందుకు టీచరమ్మా, నాతోపాటు కలుపు తీయను తోలుకపోతా అంటాంది. అనేదేముండాది, చేస్తాది."

"ఆయన వస్తానే నువ్వే చెప్పమ్మా."

"నేనా? అల్లునికి ఎదురు చెప్పేదానికి వచ్చినానా?"

సాయంత్రం సంజీవయ్య ఇంటికి రాగానే జయమ్మ కొంగు సర్దుకొని లేచి నిలబడింది.

"బాగుండావా నాయనా? వ్యాసం బాగా రాసినావు. అందరూ మెచ్చుకుంటాండారు."

"అట్లనా అత్తా," అని సంజీవయ్య సంబరపడి, ఆమెను బస్సెక్కించి రావడానికి చొక్కా కూడా మార్చుకోకుండా వెళ్ళాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర సలోమి నెమ్మదిగా మొదలుపెట్టింది.

"ఆళ్ళగడ్డలో పరీక్ష పెట్టినప్పుడు మా అమ్మ యాడుండింది?"

"బయట. పరీక్ష పెట్టేవాడు, పిల్లవాడు తప్ప ఇంకొకరు గదిలో ఉండకూడదు. మాన్యువల్లో స్పష్టంగా ఉంది."

"పిల్లలు ఏమీ పలకలేదా?"

"ఒక్కొక్కరినే పిలిచి అంకెలు చెప్పినా. నా మొగం చూడరు. నా చేతుల దిక్కు చూస్తారు. చూస్తానే ఉంటారు. గడియారంలో టైమైపోతాది. సున్నా వేసుకున్నా. పాపం, నాకూ బాధయింది."

సలోమి ఆయన కంచంలో చారు పోసింది. అడిగిన దానికన్నా ఎక్కువే పోసింది.

జయమ్మ బడిలో రెండు, మూడు తరగతులు ఒకే గదిలో ఉండేవి. మధ్యలో అడ్డం ఒక నల్లబల్ల. అందరూ నోరు తెరిస్తే ఎవరి పాఠం ఎవరిదో తెలియదు. అందుకని జయమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఆమె చెప్పేది చెప్తుంది. పిల్లలు నోరు మూసుకొని వింటారు. ఆమె ఎడమచేతి పెండ్లి ఉంగరంతో తన ముందున్న బల్ల మీద టక్కుమని కొడితే అప్పుడు అందరూ ఒకే గొంతుతో చెప్తారు. కొట్టకముందు పలికినవాళ్ళు గోడవైపు తిరిగి నిలబడాలి. సలోమి కూడా ఆ ఉంగరం చప్పుడుకే పెరిగింది. పెండ్లినాడు పాస్టరయ్యగారు ఇతణ్ణి భర్తగా స్వీకరిస్తావా అని అడిగితే ఆమె నోరు పెగల్లేదు. చివరికి ముందు వరసలో జయమ్మ బెంచీ మీద టక్కుమనిపించింది. సలోమి వెంటనే స్వీకరిస్తాను అంది. ఎవరిదో గొడుగు కిందపడిందని సంజీవయ్య ఇప్పటికీ అనుకుంటున్నాడు.

"ఒకవేళ ఆ పరీక్షలో తప్పుందని ఎవరికన్నా అనిపిస్తే?" అంది సలోమి.

"అనిపిస్తే రాసి పంపల్ల. ఇంట్లో కూచోని అనుకుంటే అది ఉత్త అభిప్రాయం. అచ్చులో పడితే దానికొక విలువ. పత్రిక ఉండేదెందుకు మరి?"

"ఎవరన్నా రాయొచ్చా?"

"ఎవరన్నా. పేరుతో పన్లేదు. సుబ్బరాయుడు సారు మూసేస్తాడు గదా."

"మజ్జిగ పోసేదా?" అంది సలోమి.

అప్పుడే ఉంగరం సంగతి చెప్పేసి ఉండవచ్చు. చెబితే సంజీవయ్య నమ్మేవాడేమో. కానీ జూన్లో పిల్లల్ని వరండాలోకి పంపేది సంజీవయ్య కాదు, జాన్ గారు. జాన్ గారు నమ్మేది అచ్చుని. అల్లుడి మాట అచ్చులో ఉండి, కూతురి మాట వంటింట్లో ఉంటే లూదియా కలుపు తీయడానికే పోతుంది.

ఆ శనివారం అమ్మను చూసొస్తానని సలోమి ఆళ్ళగడ్డ వెళ్ళింది. పిల్లలను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, సంజీవయ్య చెప్పినట్టే అంకెలు చెప్పింది. పిల్లలు ఆమె చేతుల వైపు చూస్తూ నిలబడ్డారు. తర్వాత జయమ్మను తెచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

"ఏందీ ఆట?" అంది జయమ్మ.

"నేను అంకెలు చెప్తా. నువ్వు ఉంగరంతో కొట్టు. అంతే."

ఉంగరం మోగింది. అంకెలు వరసగా వచ్చాయి. లూదియా అయితే చెప్పడం అయిపోయాక, "ఎనక్కి గూడా చెప్పాల్నా అక్కా?" అని అడిగింది. జయమ్మ ముఖం వెలిగిపోయింది.

"చూసినావా నా పిల్లోళ్ళను?"

సలోమి చూసింది. ఇంకొకటి కూడా చూసింది. ఆ గదిలో, ఉంగరం మోగకుండా, నీ పేరేమని అడిగినా పిల్లలు పలకలేదు. పెదవులు కదిలేవి, కళ్ళు జయమ్మ వేలి మీదే ఉండేవి. బయట చింతచెట్టు కింద అవే నోళ్ళు కాకులను లేవగొట్టేవి. పిల్లల్లో మతి తక్కువ లేదు. వాళ్ళ నోటి తాళంచెవి ఒకరి వేలికి ఉంది, అంతే. ఆ సంగతి రాయకపోతే వ్యాసం నిలబడదు. రాస్తే తల్లి మీద రాసినట్టు. తిరిగొచ్చే బస్సు శిరివెళ్ళ దాటేదాకా రాయకూడదనుకుంది. నంద్యాల దిగేసరికి మొదటి వాక్యం తయారైంది.

తన చేతిరాత భర్తకు తెలుసు గనుక, తాలూకాఫీసు ముందు టైపు మిషను పెట్టుకొని అర్జీలు కొట్టే జకరయ్య దగ్గరికి వెళ్ళింది. జకరయ్య అలవాటుకొద్దీ మొదట 'మహారాజశ్రీ' అని కొట్టేశాడు. దాన్ని చెరిపించి, మిగతాది దగ్గర కూర్చొని కొట్టించి, సుబ్బరాయుడికి పోస్టులో పంపింది.

ఆళ్ళగడ్డ విషయం తెలిసినవాడు సంజీవయ్యను మించి లేడని సుబ్బరాయుడు అనుకున్నాడో, లేక రిటైరైనవాళ్ళకు ఉండే చిన్న చిన్న సరదాల్లో ఇదొకటో, ఆ వ్యాసం తిరిగి ఆ ఇంటికే వచ్చింది. పేరు మీద గులాబీరంగు ముక్క అంటించి ఉంది.

సంజీవయ్య మొదటి పేజీ నిలబడి చదివాడు. రెండో పేజీకి కుర్చీలో కూర్చున్నాడు. మూడో పేజీ అయ్యాక లేచి, కాగితాలు పట్టుకొని కిటికీ దగ్గరికి నడిచాడు. సలోమి వంటింట్లో బియ్యం ఏరుతూ చేట మీదినుంచి చూసింది. ఆయన కాసేపు అక్కడ నిలబడ్డాడు. తర్వాత కుర్చీని తిప్పుకొని, కిటికీకి వీపుపెట్టి కూర్చుని మిగతాది చదివాడు.

ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకోలేదు.

"ఎవరో నా వ్యాసం మీద రాసినారు."

"ఎవరబ్బా?"

"తెలీదు. ఆళ్ళగడ్డ బాగా తెలిసిన మనిషే."

"ఆళ్ళగడ్డ తెలిసినోళ్ళు ఆళ్ళగడ్డ నిండా ఉండారు."

"అదీ నిజమే," అన్నాడు సంజీవయ్య.

మరుసటి రోజు పాత పరీక్ష కాగితాలన్నీ మంచం మీద పరుచుకున్నాడు. సున్నాలు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ సున్నాలు వేసేటప్పుడు నిజంగానే బాధపడ్డాడు. ఇప్పుడు ఆ బాధ ఎవరికోసం పడ్డట్టో తెలియక ఇబ్బందిగా ఉంది. దీపం పెట్టే వేళకు సలోమి కాఫీ తెస్తే గ్లాసు అందుకుంటూ అడిగాడు.

"సలోమీ, మన పెండ్లిలో కింద పడింది గొడుగు కాదు గదా?"

"గొడుగని మీకెవరు చెప్పినారు?"

ఆయన కాఫీ అంతా తాగాడు. "కాగితాలు తీసుకో. రిపోర్టు చెప్తా, రాయి."

ఎప్పటిలాగే ఆమె కింద కూర్చుని పలకమీద కాగితం పెట్టుకుంది. ఎప్పటిలాగే ఆయన అటూ ఇటూ తిరుగుతూ చెప్పాడు.

"ఈ వ్యాసం ప్రచురించదగినది. అయితే ఒక సందేహం. మొదటి పరిశోధకుడు పిల్లలు తన చేతుల వైపు చూసినట్లు తన వ్యాసంలో ఎక్కడా రాయలేదు. ఈ రచయితకు ఆ సంగతి ఎట్లు తెలిసినదో వివరించవలెను."

సలోమి కలం ఆగింది.

"రాయి. ఆగినావేందీ?"

"రాస్తాండా."

"వివరించడం ఇబ్బంది అయితే, ఆ వాక్యానికి 'విశ్వసనీయముగా తెలిసినది' అని చేర్చిన సరిపోవును. రెండోది. రచయిత తన పేరును పూర్తిగా, పట్టాతో సహా ఇవ్వవలెను. మూడోది. మొదటి వ్యాసం రాసినాయన తన పొరపాటు ఒప్పుకుంటూ అదే సంచికలో ఒక పేజీ రాస్తాడు."

"ఒప్పుకుంటాడని మీకెట్ల తెలుసు?"

"నాకు కొంచెం తెలిసినాయనే," అన్నాడు సంజీవయ్య, గోడ మీది క్యాలెండరు చూస్తూ.

సుబ్బరాయుడు సరేనన్నాడు. మహానందయ్య అనలేదు. మే నెలంతా ముహూర్తాలు. సలోమి ప్రెస్సుకు వెళ్ళేసరికి బల్లల నిండా పెండ్లిపత్రికలు ఆరుతున్నాయి.

"ఆగస్టులో చూద్దాంలేమ్మా."

"జూన్లో బడి తెరుస్తారు మహానందయ్యన్నా."

"మనోవిజ్ఞానం ఆగుతాది. పెండ్లి ఆగదు గదమ్మా. దానికితోడు ప్రూఫులు దిద్దే పిల్లోడు లేడు. వాని పెండ్లి వానికొచ్చింది."

సలోమి కొంగు నడుముకు దోపి బెంచీ మీద కూర్చుంది. మే నెలంతా నంద్యాల చుట్టుపక్కల జరిగిన పెండ్లిళ్ళలో వధూవరుల పేర్లు, తాతల పేర్లు, భోజనాల వేళలు అన్నీ ఆమె దిద్దినవే. కూలి అడగలేదు. జూన్ మొదటివారంలో సంచిక వచ్చింది, గులాబీరంగులో, మూలన రెండు చిలకలతో. లోపల 'పి. సలోమి, బి.ఏ.' అని ఉంది. దాని వెనక సంజీవయ్య పేజీ ఉంది. ఆ పేజీని ఆమె తిరగరాసింది కానీ ఒక్క వాక్యం కూడా బాగుచేయలేదు.

ఇద్దరూ కలిసి ఆళ్ళగడ్డ వెళ్ళారు. ఈసారి జయమ్మ అద్దాలు పెట్టుకొని, వేలితో వరసలు పట్టుకుంటూ చదివింది. పొయ్యి మీద ఎసరు సగానికి ఇగిరిపోయింది.

"నా ఉంగరాన్ని గూడా అచ్చేసినావే."

"నీ పేరు రాయలేదు గదమ్మా."

"ఉంగరంతో బల్ల కొట్టే టీచరమ్మలు ఈ ఊర్లో ఎంతమంది ఉండారు మే? నీ నాయన పెట్టిన ఉంగరం. ఒక గదిలో రెండు తరగతులు ఏసి సదువు చెప్పమంటే ఇంకెట్ల చెప్తారు? అది రాసినావా?"

"రాసినా. చివరి పేజీలో ఉండాది చూడు."

జయమ్మ చివరి పేజీ తిప్పింది. ఒకే గది ఇచ్చి ఒకే టీచరును పెట్టినవాళ్ళకు కూడా ఆ మౌనంలో వాటా ఉందని రాసిన చోట ఆమె వేలు కాసేపు నిలిచింది.

"జాన్ సారుకు నేను ఇచ్చొస్తాలే అత్తా," అన్నాడు సంజీవయ్య.

"వద్దు నాయనా. అప్పుడూ నేనే ఇచ్చినా."

ఉతికిన చీర కట్టుకొని వెళ్ళింది. తిరిగొచ్చి చాపమీద కూలబడింది.

"అదీ అచ్చులోనే ఉండె, ఇదీ అచ్చులోనే ఉండాది, ఏది నమ్మల్ల అన్నాడు. ఎనకొచ్చింది నమ్మల్ల సార్ అన్నా. సోమవారం ఆయనే బడికొస్తాడంట. ఉంగరం లేకుండా పిల్లోళ్ళు పలికితే లోపల, లేదంటే వరండా. లింగమ్మకు గూడా అదే చెప్పినాడు."

సోమవారం సలోమి బడి గుమ్మం దగ్గర నిలబడింది. వరండాలో లింగమ్మ కొడవలి పక్కన పెట్టుకొని కూర్చుంది. లోపల జాన్ గారు జయమ్మ కుర్చీలో కూర్చున్నారు. జయమ్మ పక్కన నిలబడి ఉంది. ఉంగరం ఆమె వేలికే ఉంది. తీయడానికి మనసొప్పలేదేమో, వదులైన ఉంగరాలకు చుట్టినట్టు దాని నిండా ఎర్రదారం ఒత్తుగా చుట్టుకుంది.

జాన్ గారు లూదియాను పిలిచి అంకెలు చెప్పారు. లూదియా జయమ్మ చేతివైపు చూసింది. జయమ్మ వేలు అలవాటుకొద్దీ బల్లకు తగిలింది. దారం వల్ల ఏమీ వినపడలేదు. లూదియా ఆ దారాన్ని చూసింది, టీచరమ్మ ముఖం చూసింది. జయమ్మ చెయ్యి కొంగులో దాచుకొని గోడవైపు తిరిగింది. అట్లా నిలబడడం ఆ గదిలో శిక్ష. ఇవాళ టీచరమ్మే నిలబడింది.

లూదియా పెదవులు కదిలాయి.

"ఏందీ?" అన్నారు జాన్ గారు ముందుకు వంగి.

లూదియా గట్టిగా చెప్పింది. అన్నీ చెప్పింది. ఆయన ఇంకో వరస చెప్తే దాన్నీ చెప్పింది. వెనక కూర్చున్నవాడెవడో ఆగలేక తనూ చెప్పాడు. వాణ్ణి ఎవరూ గోడవైపు తిప్పలేదని చూసి పక్కవాడు అందుకున్నాడు. అడగనివాళ్ళు కూడా చెప్పారు. మూడో తరగతి అడ్డంబల్ల మీదినుంచి తొంగిచూసి ఎక్కాలు మొదలుపెట్టింది. గుమ్మం బయట లింగమ్మ లేచి, కొడవలి బొడ్లో దోపుకొని, కూతురివైపు ఒకసారి చూసి ఒక్కతే పొలందారి పట్టింది.

జయమ్మ ఇటు తిరిగి బల్లమీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. దారం కొట్టినట్టే ఉంది, చప్పుడు రాలేదు.

జాన్ గారు చెవులకు చేతులు అడ్డం పెట్టుకొని గొంతు పెంచారు.

"లోపలే కూచోపెట్టుకోండి టీచరమ్మా. సరే. వీళ్ళను ఆపేదెట్ల?"

"అది ఇంకా అచ్చులో రాలేదు సార్," అంది జయమ్మ.